పీజీ మొదటి సెమిస్టర్‌ల పిల్లలకు నిజంగా అక్కరకొచ్చేది ఏంది? అనుభవం ఉన్నోళ్ళు చెప్పండి

ఎకనామిక్స్ మేడం, వరంగల్

అందరికీ నమస్తే. నేను వరంగల్ దిక్కు ఒక యూనివర్సిటీల ఎకనామిక్స్ చెప్త, కాంట్రాక్టు మీద. పేరు ఎందుకులెండి. ఈసారి పీజీల కొత్తగా చేరే పిల్లల కోసం మా దగ్గర ఒక చిన్న కమిటీ వేసిన్రు, నన్ను కూడా అందుల పెట్టిన్రు. రకరకాల ఇండ్ల నుంచి, ఊర్ల నుంచి వచ్చే పిల్లలకు క్యాంపస్‌ల ఇబ్బంది లేకుంట చూడాలె, సూచనలు ఇయ్యాలె అన్నరు.

మొదటి మీటింగుల వచ్చిన సూచనలు ఇవి: ఫ్రెషర్స్ డే నాడు అన్ని జిల్లాల వేషాలు కట్టించుడు, ఒక ఫుడ్ ఫెస్టివల్, గేటు కాడ గోడకు బొమ్మలు. నేను వద్దనలే. పిల్లలకు సంబురం కావాలె. కానీ నా క్లాసుల కూసున్నోళ్ళను చూస్తే వాళ్ళకు కావాల్సింది వేరే ఉన్నదనిపిస్తది.

మా క్లాసుల ఏటూరునాగారం అవతలి నుంచి వచ్చిన కోయ అమ్మాయి ఉన్నది. మానుకోట తండాల నుంచి వచ్చిన లంబాడ పిల్లలున్నరు. ఉట్నూరు, జైనూరు దిక్కు గోండు పిలగాండ్లు, సిరిసిల్లల బట్టలు నేసే సాంచాలు నడిపేటాయన కొడుకు, చూపు లేని ఒక పిలగాడు, పెండ్లయి బిడ్డను తల్లిగారింట్ల ఇడిచిపెట్టి రోజూ వచ్చిపోయే ఒక అమ్మాయి ఉన్నరు. ఉర్దూ మీడియంల చదివి వచ్చిన ఒకామె ఉన్నది. ఆమె నోటుబుక్కు ఒకసారి చూసిన. నేను బోర్డు మీద రాసిన ఇంగ్లీషు ఎడమ దిక్కు నుంచి, దాని కిందనే ఉర్దూల అర్థం కుడి దిక్కు నుంచి. ప్రతి పేజీ అట్లనే. క్లాసుల ఆమె నోరు విప్పంగ నేను ఎన్నడూ వినలే. అంత కష్టపడే పిల్ల ఎందుకు మాట్లాడదో అని అప్పటి నుంచి నా మనసుల ఉన్నది.

ఏటా ఒకరిద్దరు దసరాకు ఇంటికి పోయి మళ్ళ రారు. ఎందుకు రాలేదని ఎవ్వరు అడగరు, రిజిస్టర్ల గీత కొడ్తరు. వాళ్ళు తెలివి తక్కువోళ్ళు కాదు, ఎంట్రన్సు రాసి ర్యాంకు తెచ్చుకొని వచ్చినోళ్ళే. నాకు అర్థమైనంత వరకు మా దగ్గర పని అంతా సీనియర్ల నోటి మీద నడుస్తది. హాస్టల్ ఫారం ఎన్నడు ఇస్తరు, స్కాలర్షిప్పుకు ఏ కాయితం ముందు తీసుకోవాలె, పాత ప్రశ్నపత్రాలు ఏ జిరాక్స్ షాపుల దొరుకుతయి, ఇంటర్నల్ మిస్సయితే ఎవర్ని అడగాలె... ఇవేవీ రాసి పెట్టి ఉండవు. సొంతూరోడో, కులపోడో, చుట్టపోడో ముందు చదివి ఉంటే ఫోన్‌ల చెప్తడు. ఎవ్వరు లేని పిల్లకు ఎవరు చెప్పాలె?

అందుకే అడుగుతున్న. మీరు చదివేటప్పుడు మొదటి ఆర్నెల్లల్ల మీకు అడ్డం పడ్డది ఏంది, నిలబెట్టింది ఏంది? పైసలు అవసరం లేని పనులు ముందు చెప్పండి, కమిటీ చేతిల బడ్జెట్ లేదు. రెండు వారాలల్ల నేను కాయితం రాసి ఇయ్యాలె.

---

ఉట్నూరు స్కాలర్

జై సేవా మేడం. మాది ఉట్నూరు దగ్గర గూడెం. ఇంట్ల గోండి, అంగట్ల మరాఠీ, ఆశ్రమ పాఠశాలల తెలుగు. మా ఇంట్ల, మా పక్కింట్ల గూడ పీజీ చదివినోళ్ళు ఎవరూ లేరు. ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్న. మీరు సీనియర్ల నోటి మాట అన్నరు గదా, అది వంద శాతం నిజం.

నాకు అన్నిటికన్న ఎక్కువ కష్టమైంది క్లాసులు మొదలైన నాటికీ హాస్టల్ రూం ఇచ్చిన నాటికీ నడుమ ఉన్న దినాలు. సర్టిఫికెట్ వెరిఫికేషన్ అయింది, క్లాసులు షురూ అయినయి, హాస్టల్ అలాట్మెంట్ మాత్రం కౌన్సిలింగులన్నీ అయినంక అన్నరు. హన్మకొండల ఇల్లున్నోడికి ఏం ఫరక్ పడదు. పైసలున్నోడు నయీంనగర్‌లనో సుబేదారిలనో రూం తీసుకుంటడు. నేను ఉట్నూరు నుంచి జన్నారం మీదికెళ్ళి మంచిర్యాలకు బస్సుల వచ్చి, అక్కడ రైలెక్కి కాజీపేటల దిగినోణ్ణి. రోజూ పోయి వచ్చే దూరమా అది? ముఖపరిచయం కూడా సరిగ్గ లేని ఒక అన్న రూంల నాన్‌బోర్డర్‌గ, అంటే నా పేరు మీద హాస్టల్ సీటు లేకుంట, పడుకున్న. వార్డెన్ తనిఖీకి వస్తున్నడంటే బ్యాగు మంచం కిందికి తోసి బయటికి పోయేది. మెస్సుల తినాలంటే కార్డు ఉండదు. నాతోని చేరిన ఇంకో పిలగాడు ఆ దినాలల్లనే ఇంటికి పోయిండు. మళ్ళ రాలే.

మేడం, మీ కాయితంల మొదటి లైను ఇదే రాయండి. వెరిఫికేషన్ అయిన నాటి నుంచి దూరం జిల్లాల పిల్లలకు ఒక హాలు, చాపలు, తాత్కాలిక మెస్ కార్డు. బిల్డింగు కొత్తగ కట్టే పని లేదు, అప్పటికి సీనియర్లు ఖాళీ చేసిన రూంలు ఎట్లాగూ తాళాలేసి ఉంటయి.

రెండోది పండుగలు. మేడారం జాతర రెండేండ్లకొకసారి వస్తది, వరంగల్ దిక్కు స్కూళ్ళు, కాలేజీలు బందు పెడ్తరు. మంచిదే, కోటి మంది పోయే జాతర. మాకు కేస్లాపూర్ల నాగోబా దేవుని పూజ పుష్య అమావాస్యకు. మా గోండులల్ల మెస్రం వంశంల పెండ్లయి కొత్తగ వచ్చిన కోడండ్లను ఆ రాత్రి దేవునికి చూపిస్తరు, దాన్ని భేటింగ్ అంటం. ఇంటి ఆడపిల్లలు, మొగపిల్లలు అందరు ఉండాలె. దీపావళికి దండారి పండుగ. ఈ రెండు సార్లు గూడ మాకు ఇంటర్నల్స్ పడ్డయి. ఒకసారి నేను పరీక్ష రాసిన, ఇంకోసారి పోయి వచ్చి మార్కులు పోగొట్టుకున్న. అందరికీ సెలవు ఇయ్యమంటలేను. క్యాలెండర్ తయారు చేసేటప్పుడే ఆ తారీఖులు ముందు పెట్టుకొని, వాటి మీద పరీక్ష పడకుంట చూడండి. రంజాన్ నెల, క్రిస్మస్ కూడా అట్లనే. ఒకవేళ పడ్డా మళ్ళ రాసుకునే తారీఖు ముందే ప్రకటించాలె, ఒక్కో పిల్లగాడు పోయి చేతులు కట్టుకొని అడుక్కునేటట్టు ఉండొద్దు.

వేషాల సంగతి. దయచేసి దండారిల ఆడే గుస్సాడీ ఆట ఆడమని మా పిల్లల్ని స్టేజీ ఎక్కియ్యకండి. నెమలి ఈకల టోపీ మాకు దేవునితోని సమానం, పూజ చేసి పెట్టుకుంటరు, పెట్టుకున్నోళ్ళు నియమాలతోని ఉంటరు. మర్లవాయి కనకరాజు తాతకు 2021ల పద్మశ్రీ వచ్చినప్పుడు మా గూడేలన్నీ పొంగిపోయినయి. ఆ గౌరవం కావాలె మాకు. ఫ్రెషర్స్ డేల అట్టముక్కలతోని చేసిన టోపీ వద్దు.

ఇగ నన్ను నిలబెట్టింది చెప్త. మా సారొకాయన గ్రామీణ పరపతి పాఠం చెప్తున్నడు. పుస్తకంల ఉన్నది చదివి ఆగి, నన్ను చూసి, "మీ దిక్కు పత్తి ఎట్ల అమ్ముతరు?" అని అడిగిండు. నేను లేచి చెప్పిన. విత్తనాలకు, మందులకు షావుకారి జూన్ల అప్పు ఇస్తడు. పత్తి ఏరినంక ఆయనకే అమ్మాలె, కాంటా ఆయనదే, ధర ఆయనదే. సర్కారు ధర ఎంతున్నా మాకు అంది రాదు, ఎందుకంటే అప్పు ఆయన దగ్గర ఉన్నది. పట్టా లేనోళ్ళకు బ్యాంకు లోను ఇయ్యదు, అందుకే మళ్ళ ఆయన దగ్గరికే పోవుడు. సారు బోర్డు మీద "ఇంటర్‌లింక్డ్ మార్కెట్స్" అని రాసి, "ఇప్పుడు ఇతను చెప్పిందే దీని నిర్వచనం, రాసుకోండి" అన్నడు. క్లాసు క్లాసంతా రాసుకున్నది. ఆ సాయంత్రం మెస్సుల ఇద్దరు వచ్చి నా పక్కన కూసొని, మీ ఊరు ఎక్కడ అని అడిగిన్రు. అప్పటిదాక ఎవ్వరు అడగలే.

మీ ఉర్దూ మీడియం అమ్మాయిని కూడా ఆమెకు తెలిసిన సంగతి ఏదన్నా అడిగి చూడండి మేడం. ఇంగ్లీషుల చెప్పమని అనకండి.

---

రిటైర్డ్ సూపరింటెండెంట్

అమ్మా, నేను స్కాలర్షిప్ సెక్షన్‌లో చాలా కాలం పనిచేసి రిటైరయ్యాను. మీరు అడిగినదానికి కౌంటర్ లోపలి వైపు నుంచి చెబుతాను.

ఈపాస్‌లో, అంటే స్కాలర్షిప్ దరఖాస్తు పెట్టే ప్రభుత్వ వెబ్‌సైటులో, పిల్లలకు వచ్చే అడ్డంకుల్లో సగం పేరు దగ్గరే వస్తాయి. లంబాడా పిల్లల ఇంటిపేర్లు చూడండి. టెన్త్ మెమోలో ధరావత్ అని ఉంటుంది, ఆధార్‌లో దారావతు, కుల ధ్రువపత్రంలో ఇంకోలా. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక 'హెచ్' తేడా వచ్చినా దరఖాస్తు ముందుకు కదలదు. గోండు పిల్లలకు ఇంటిపేరు ముందుందా వెనకుందా అనేది ఒక్కో కాయితంలో ఒక్కో తీరు. ఆధార్ సరిచేయించుకోవాలంటే సెంటర్‌కు పోవాలి, వేలిముద్రలు వేయాలి, తర్వాత ఎదురుచూడాలి. పిల్లలు మా దగ్గరికి గడువు చివరి రెండు రోజుల్లో వస్తారు. అప్పుడు మేము చేయగలిగింది ఏమీ ఉండదు. ఆ పిల్ల మొహం చూసి కిటికీ మూయడం ఎంత బాధగా ఉంటుందో నాకు తెలుసు.

కాబట్టి క్లాసులు మొదలైన రెండో వారంలోనే ఒక బల్ల, ఒక కంప్యూటర్, సెక్షన్ నుంచి ఒక మనిషి, ఇద్దరు సీనియర్ విద్యార్థులు. పిల్లలు టెన్త్ మెమో, ఆధార్, కులం, ఆదాయం, బ్యాంకు పాసుబుక్కు తెచ్చి పక్కపక్కన పెట్టాలి. అక్షరం అక్షరం పోల్చి చూడాలి. తేడా ఉన్నవాళ్ళను ఆ రోజే మీసేవకో ఆధార్ సెంటర్‌కో పంపాలి. ఖాతాకు ఆధార్ అనుసంధానం అయిందో లేదో కూడా అప్పుడే చూడాలి. కాకపోతే మంజూరైన డబ్బు కూడా చేతికి రాదు. హాజరు డెబ్బై ఐదు శాతం ఉండాలన్న సంగతి మొదటి రోజే చెప్పాలి.

ఇంకొకటి గట్టిగా రాయండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోవడం అందరికీ తెలిసిందే. ప్రభుత్వం నుంచి రావలసిన డబ్బు రాలేదని టీసీ, మెమోలు ఆపితే నష్టపోయేది అప్పు చేసి కట్టలేని పిల్లలే. ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చి, మెమో చేతిలో లేక పోగొట్టుకున్నవాళ్ళను నేను చూశాను. బకాయి సంస్థకూ ప్రభుత్వానికీ మధ్య లెక్క. పిల్లల కాయితాలు దానికి తాకట్టు కాకూడదు.

వివక్ష ఫిర్యాదుల గురించి కూడా. 2012లో యూజీసీ (యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ) తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలి. ఆ అధికారి పేరు, కూర్చునే గది, ఫోన్ నంబరు హాస్టల్ నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టించండి. ర్యాగింగ్‌కు దేశం మొత్తానికి ఉన్న 1800-180-5522 నంబరు దాని కిందే రాయించండి.

---

కొత్తవాడ

మేడం, మాది వరంగలే, కొత్తవాడ. మా నాయిన దర్రీలు నేస్తడు. ఇల్లు ఊర్లనే ఉన్నది కాబట్టి నాకు అన్నీ తెలుసనుకుంటరు. మా ఇంట్ల ఎవ్వరు డిగ్రీ దాటలే, నాకూ చెప్పేటోళ్ళు లేకుండె. హాస్టల్ వాట్సాప్ గ్రూపుల నోటీసులు వస్తయి, డేస్కాలర్లకు రావు. ఎగ్జామ్ ఫీజు తారీఖు నాకు ఫైనుతోని కట్టే దినం తెలిసింది. గ్రూపు క్లాసు పేరు మీద పెట్టియ్యండి, హాస్టల్ పేరు మీద కాదు.

---

కరీంనగర్ నుంచి

నమస్కారం. నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఎంఏ చేసి ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాను. మీ క్లాసులో ఉన్న అబ్బాయి కోసం రాస్తున్నాను.

మేము కంప్యూటర్లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడతాం. ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. కానీ మన దగ్గర లెక్చరర్ల తెలుగు నోట్సు చాలావరకు అను ఫాంట్లలో కొట్టించినవే. చూసేవాళ్ళకు అవి తెలుగు అక్షరాలు. నా స్క్రీన్ రీడర్‌కు మాత్రం అవి పొంతన లేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. ఒక సెమిస్టర్ నోట్సు మొత్తం నా పెన్‌డ్రైవ్‌లో ఉంది, ఒక్క వాక్యం వినలేకపోయాను. మా చెల్లె రాత్రిళ్ళు చదివి ఫోన్‌లో రికార్డు చేసి పంపేది. మీరు చేయవలసింది ఒక్కటే, డీటీపీ షాపులో యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ కూడా తెలుగుగానే గుర్తుపట్టే అక్షరాల్లో, కొట్టమని చెప్పండి. ఖర్చు పెరగదు. పాతవాటిని మార్చడానికి కన్వర్టర్లు ఉన్నాయి. ఫోన్‌తో ఫొటో తీసి పీడీఎఫ్ అని పంపితే కూడా మాకు పనికిరాదు.

మీది ఎకనామిక్స్ కాబట్టి రేఖాచిత్రాల గురించి. "ఇదిగో ఇక్కడి నుంచి ఇలా కిందికి వస్తుంది" అని బోర్డు మీద వేలు పెట్టి చూపిస్తే నాకు "ఇక్కడ", "ఇలా" తప్ప ఏమీ దక్కదు. "నిలువు గీత మీద ధర, అడ్డ గీత మీద పరిమాణం, ధర తగ్గేకొద్దీ పరిమాణం పెరుగుతుంది కాబట్టి రేఖ ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు వాలుతుంది" అని నోటితో చెప్పండి. చూపున్న పిల్లలకు కూడా అది బాగా ఎక్కుతుంది. మా మేడం ఒకావిడ డ్రాయింగ్ షీటు మీద ఫెవికాల్‌తో గీతలు గీసి ఆరబెట్టి ఇచ్చేవారు. వేలితో తడిమితే రేఖ దొరికేది. సప్లై, డిమాండ్ కలిసే చోటు నాకు అలా తెలిసింది.

పరీక్షల్లో గంటకు ఇరవై నిమిషాల చొప్పున అదనపు సమయం ఉంటుంది, మూడు గంటల పేపరుకు ఇంకో గంట. ఇది దయ కాదు, నిబంధన. స్క్రైబ్ (మేము చెబితే జవాబులు రాసిపెట్టే మనిషి) అనుమతి పరీక్ష నాటి పొద్దున కాకుండా హాల్‌టికెట్‌తో పాటే ఇప్పించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో ఐదు శాతం సీట్లు మాకు ఉన్నాయి. సీటు వచ్చిన తర్వాత క్లాసు మూడో అంతస్తులో పెడితే చక్రాల కుర్చీ మీద వచ్చే పిల్లలు ఆ సీటును ఏం చేసుకోవాలి? టైంటేబుల్ వేసేటప్పుడే ఆ క్లాసును కిందికి దించాలి.

---

జనగామ అక్క

నేను పెండ్లయి, బిడ్డ పుట్టినంక ఎంఏ చేసిన. జనగామ నుంచి పుష్‌పుల్ రైలుల కాజీపేటకు, అక్కడి నుంచి ఆటోల. 2023 డిసెంబర్ నుంచి ఆడోళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల జీరో టికెట్ వచ్చింది, పైసల బాధ తప్పింది. టైం బాధ తప్పలే. పొద్దున తొమ్మిదింటికి అటెండెన్సు తీసుకుంటే రైలు పది నిమిషాలు లేటయిన దినమల్లా నాకు ఆబ్సెంటే. మా సారు ఒకాయన అటెండెన్సు క్లాసు చివర తీసుకునుడు మొదలుపెట్టిండు. ఆయన సబ్జెక్టుల నాకు హాజరు నిండుగ ఉండె. అంత చిన్న మార్పు.

బిడ్డకు పాలిచ్చే తల్లులకు ఒక రూం, లోపలి నుంచి గడియ పడేది, ఒక కుర్చీ, ఒక బకెట్ నీళ్ళు. నేను పాలు పిండి పారబోయడానికి బాత్రూంల నిలబడ్డ దినాలున్నయి. ఏ ఆడపిల్లకు అట్ల కావద్దు. పీజీ అమ్మాయిలకు ప్రసూతి సెలవు, హాజరు మినహాయింపు నిబంధనలు పెట్టుకోమని యూజీసీ 2021 డిసెంబర్ల అన్ని యూనివర్సిటీలకు ఉత్తరం రాసింది. మీ దగ్గర ఆ నిబంధన రాసి ఉన్నదో లేదో మీ కమిటీల అడగండి మేడం.

---

ఎకనామిక్స్ మేడం, వరంగల్

అందరికీ చేతులెత్తి మొక్కుత. ఉట్నూరు తమ్ముడూ, నీ మాట చదివి మా హాస్టల్ ఆఫీసుల ఫోన్ చేసి అడిగిన. జూన్, జూలైల ఖాళీగుండే రూంలు ఉన్నయట. చాపల సంగతి నేను చూసుకుంట. క్యాలెండర్ తయారు చేసే సారు మాకు తెలిసినాయనే, పుష్య అమావాస్య, దండారి తారీఖులు ఆయనకు పంచాంగం చూసి ఇస్త. గుస్సాడీ ముచ్చట మీటింగుల నేనే చెప్త.

జనగామ చెల్లే, రేపటి నుంచి నా క్లాసుల అటెండెన్సు చివరకే. దానికి ఎవ్వరి పర్మిషన్ అక్కర లేదు. కరీంనగర్ సార్, మీరు చెప్పిన ఫెవికాల్ షీట్లు ఆదివారం మా పిల్లలతోని కూసొని చేస్త, మొదటి యూనిట్ల ఉన్న బొమ్మలన్నీ.

భాష గురించి కూడా కాయితంల పెడుతున్న. ఇంగ్లీషు మీడియం కోర్సయినా సరే, పిల్లలు స్థానిక భాషల పరీక్ష రాసుకోనియ్యమని యూజీసీ 2023 ఏప్రిల్ల యూనివర్సిటీలను కోరింది. ఆ సంగతి మా పిల్లలకు ఎవ్వరు చెప్పలే. తెలుగు అకాడమీ పుస్తకాలతోని డిగ్రీ చదివినోళ్ళు ఇక్కడ ఇంగ్లీషుల రాయలేక సగం పేపరు ఖాళీ పెడుతున్నరు. దిద్దేటోళ్ళు దొరకరని ఒక సారు అప్పుడే అన్నడు. తెలుగుల రాస్తే నేను దిద్దుత, నాలాంటోళ్ళు ఇంకా ఉన్నరు. ఉర్దూకు దిద్దేటోళ్ళను వెతకాలె, తెలిసినోళ్ళుంటే చెప్పండి.

సూపరింటెండెంట్ సార్, ఒక సాయం. పిల్లలు తేవాల్సిన కాయితాలు, వరుస, ఏది ఎక్కడ తీసుకోవాలె, ఇవన్నీ ఒక పేజీల రాసి పెడతరా? అడ్మిషన్ నాడే చేతిల పెడుతం, క్లాసు గ్రూపుల గూడ వేస్తం. చదవలేనోళ్ళ కోసం తెలుగుల నేను వాయిస్ రికార్డు చేస్త. తమ్ముడూ, గోండిల నువ్వు చెప్తవా?

---

ఉట్నూరు స్కాలర్

చెప్త మేడం. కోలామి భాష వచ్చిన దోస్తు ఉన్నడు, ఆయనతోని గూడ చెప్పిస్త. పేజీ రాంగనే పంపండి.

---

రిటైర్డ్ సూపరింటెండెంట్

రేపు సాయంత్రానికి రాసి పెడతానమ్మా. ఒక్క మాట ఇప్పుడే చెప్పండి పిల్లలకు: ఆదాయ ధ్రువపత్రానికి అడ్మిషన్ అయ్యేదాకా ఆగవద్దు. ఎంట్రన్సు ఫలితం రాగానే మీసేవలో దరఖాస్తు పెట్టుకోమనండి. అడ్మిషన్ల టైంలో తహసీల్దార్ ఆఫీసులో ఒకేసారి వందల దరఖాస్తులు పడతాయి.